నీటిపక్షుల గణనకు ఈబర్డ్ యాప్: ఎంతవరకు నమ్మొచ్చు?

గట్టు మీద స్కోప్ (దూరపు పక్షుల్ని పెద్దగా చూపే దూరదర్శిని) పెట్టుకుని నీటిపక్షుల్ని లెక్కపెట్టేవాళ్ల చేతుల్లో ఇప్పుడు నోటుబుక్కు తగ్గి ఫోన్ ఎక్కువైంది. ఆ ఫోన్‌లో తెరిచి ఉండేది చాలావరకు ఈబర్డే. అమెరికాలోని కార్నెల్ ల్యాబ్ ఆఫ్ ఆర్నిథాలజీ, నేషనల్ ఆడుబాన్ సొసైటీ కలిసి 2002లో మొదలుపెట్టిన, చూసిన పక్షుల జాబితాలు నమోదు చేసే సేవ ఇది. 2010 నుంచి ఏ దేశం నుంచైనా వాడుకునే వీలుంది. డబ్బు కట్టక్కర్లేదు. సరదాగా పక్షులు చూసేవాళ్లకు ఇదెలా ఉంటుందన్నది వేరే సంగతి. ఈ సమీక్ష ఒక్క పని గురించే: వలస నీటిపక్షుల గణన, అదీ ఒక దేశపు లెక్కను ఇంకో దేశపు లెక్క పక్కన పెట్టి పోల్చుకోగలిగేలా చేసే గణన.

తీర్పు ముందే చెప్పేస్తాం. గట్టు మీద చూసింది చూసినట్టు రాసుకోవడానికి దీన్ని మించిన సాధనం లేదు. కానీ ఆ రాతను "ఫలానా చిత్తడి నేలలో ఇన్ని పక్షులు" అనే లెక్కగా నిలబెట్టడం యాప్ వల్ల అయ్యే పని కాదు, అది లెక్కపెట్టేవాళ్ల అలవాట్ల మీదే ఆధారపడి ఉంది. పక్షి వీక్షకుడి డైరీగా 5కి 5, గణన సాధనంగా 5కి మూడున్నర.

ఇంత కచ్చితంగా ఎందుకు అడుగుతున్నామంటే, నీటిపక్షుల్ని కాపాడే ఒప్పందాలు అంకెల మీదే నడుస్తాయి. 1971 ఫిబ్రవరి 2న ఇరాన్‌లోని రామ్‌సర్‌లో సంతకాలైన ఒప్పందం ప్రకారం ఒక చిత్తడి నేలకు అంతర్జాతీయ గుర్తింపు ఇవ్వడానికి తొమ్మిది ప్రమాణాలున్నాయి. అందులో రెండు నేరుగా నీటిపక్షుల లెక్కలే. ఐదోది, ఆ చోట క్రమం తప్పకుండా 20,000 లేదా అంతకు మించి నీటిపక్షులు ఉండాలంటుంది. ఆరోది, ఏదైనా ఒక నీటిపక్షి జాతి లేదా ఉపజాతి జనాభాలో 1 శాతం క్రమం తప్పకుండా అక్కడికి చేరాలంటుంది. 2006లో ఏర్పడిన తూర్పు ఆసియా–ఆస్ట్రలేషియా ఫ్లైవే (వలసదారి) భాగస్వామ్యం, వలసదారిలో పక్షులు కొద్దిరోజులు ఆగి కదిలిపోయే మజిలీలకు 0.25 శాతం చాలంటుంది. ఒక జనాభా 60,000 అనుకుంటే 1 శాతం అంటే 600. అలాంటి చోట 540 రాయడానికీ 640 రాయడానికీ మధ్య తేడా వంద పక్షులు కాదు, ఆ చెరువుకు ఉండే రక్షణ.

లెక్కలు దేశాలు దాటి ఎందుకు కలవాలో చెప్పడానికి గ్రేట్ నాట్ అనే ఉల్లంకి పిట్ట ఒక్కటి చాలు. దక్షిణ కొరియాలోని సెమాంగెమ్ దగ్గర 33 కిలోమీటర్ల సముద్రపు కట్ట 2006లో పూర్తయి, అలలు పారే బురద మేటలు మూసుకుపోయాయి. అక్కడ మేసే గ్రేట్ నాట్‌లు పక్కనున్న మేటలకు తరలిపోయి ఉంటాయిలే అనుకోవడానికి అవకాశం ఉంది. చుట్టుపక్కల లెక్కలు తీస్తే అక్కడ ఆ మేరకు పెరగలేదు. సంతానోత్పత్తి కాలం కానప్పుడు అవి గడిపే ఆస్ట్రేలియా తీరంలోనూ లెక్క పడిపోయింది. అవి చోటు మారలేదు, చచ్చిపోయాయి. రెండు చివర్ల లెక్కలు పక్కపక్కన పెట్టగలిగారు కాబట్టే ఆ మాట అనగలిగారు. ఆ పిట్టను 2010లో ముప్పు పొంచి ఉన్న జాతుల జాబితాలోకి, 2015లో అంతరించే ప్రమాదంలో ఉన్న జాతుల జాబితాలోకి చేర్చారు.

ఇక యాప్. గట్టుకు బయల్దేరే ముందే ఆ ప్రాంతపు ప్యాక్ దించుకోవాలి. ఆ ప్రాంతంలో, ఆ నెలలో కనిపించే అవకాశమున్న పక్షుల పట్టీ అందులో ఉంటుంది, సిగ్నల్ లేకపోయినా పనిచేస్తుంది. చిత్తడి నేలల్లో సిగ్నల్ ఉండకపోవడమే మామూలు కాబట్టి ఇది మరిచిపోతే ఉదయమంతా ఇబ్బందే. జీపీఎస్‌కు ఇంటర్నెట్ అక్కర్లేదు, ఫోన్‌ను ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టినా మీరు నడిచిన దారిని నమోదు చేసే ట్రాక్ నడుస్తుంది, బ్యాటరీ మిగులుతుంది.

అంకెలు ఎక్కించే తీరు నిజంగా బాగుంటుంది. వెతికే పెట్టెలో ముందు అంకె, తర్వాత పేరులో ముక్కో నాలుగక్షరాల సంకేతమో కొడితే చాలు. సూదితోక బాతులు 350 అని ఎక్కించడానికి మూడు సెకన్లు పట్టదు, కంటిని స్కోప్ నుంచి ఎక్కువసేపు తీయాల్సిన పని ఉండదు. ఒక్కొక్కటిగా వచ్చే పక్షులకైతే పేరు పక్కన వేలు తాకించినకొద్దీ ఒకటి చొప్పున పెరుగుతుంది. ఒకే జాతి మళ్లీ ఎక్కించినప్పుడు మొత్తం ఎంతయిందో అక్కడికక్కడే చూసుకోండి. ముందున్న అంకె మారిందా, దానికి కలిసిందా అన్నది ఇంటికెళ్లాక తేల్చుకోవడం కష్టం.

ఇంకో మంచి గుణం, తెలియనిదాన్ని తెలియనట్టే రాసే వీలు. ఎదురెండలో దూరంగా ఉన్న బాతుల్ని "బాతు, జాతి తెలియదు" అనే పద్దు కింద, రెండింట్లో ఏదో తేలని వాటిని ఆ రెండు జాతుల పేర్లు కలిపిన పద్దు కింద వేయొచ్చు. గణనలో ఇది చాలా ముఖ్యం. 20,000 ప్రమాణానికి జాతి తేలని పక్షి కూడా పక్షే. జాతి తెలియదని వదిలేస్తే మొత్తం తగ్గుతుంది, ఊహించి రాస్తే 1 శాతం లెక్క పాడవుతుంది. శాండ్ ప్లవర్లనే చిన్న తీరపు పిట్టల సంగతి చూడండి. ఒకప్పుడు లెస్సర్ శాండ్ ప్లవర్ అన్న ఒక్క జాతిని 2022లో ఈబర్డ్ సైబీరియన్, టిబెటన్ అని రెండుగా విడదీసింది. ఈ రెండూ ఎక్కువగా వేర్వేరు వలసదారుల్లో తిరుగుతాయి, శీతాకాలపు ఈకల్లో వాటిని విడదీసి చెప్పడం చేయి తిరిగినవాళ్లకే కష్టం. అలాంటప్పుడు ఉమ్మడి పద్దే నిజాయితీ గల పద్దు.

ఇప్పుడు చెయ్యి జారే చోట్లు. అన్నిటికన్నా పెద్దది చివర్లో వచ్చే ఒక ప్రశ్న: "మీరు గుర్తించగలిగిన పక్షులన్నీ ఈ జాబితాలో ఉన్నాయా?" గణనకు వెళ్లినవాళ్లు నీటిపక్షులన్నీ రాశాం కదా అని అవును కొట్టేస్తారు. అది తప్పు. అక్కడ "అన్నీ" అంటే కాకులు, గోరింకలు, పిచ్చుకలతో సహా అన్నీ. అవును అని ఒకసారి కొడితే, జాబితాలో లేని ప్రతి పక్షీ ఆ ఉదయం అక్కడ ఎవరికీ కనబడలేదని విశ్లేషణ చేసేవాళ్లు అర్థం చేసుకుంటారు. నీటిపక్షుల్నే రాసి పూర్తి జాబితా అని పంపితే, కాకులు లేని చెరువు ఒకటి తయారవుతుంది. కాదు అని కొడితే అబద్ధం ఉండదు గానీ, ఆ జాబితా చాలా విశ్లేషణల్లోకి రాదు. మేలైన దారి ఒకటుంది. నీటిపక్షుల్ని లెక్కపెడుతూనే మిగతా పక్షులు కనబడ్డప్పుడల్లా వాటినీ ఎక్కించండి, సుమారు అంకెతోనైనా సరే. పది నిమిషాలు ఎక్కువ పడుతుంది, జాబితా రెండు పనులకూ పనికొస్తుంది.

రెండోది "ఎక్స్" గుర్తు. పక్షి ఉంది, ఎన్నో తెలియదు అని చెప్పడానికి యాప్ ఇచ్చిన సదుపాయం అది. గోరింకకు ఎక్స్ పెడితే నష్టం తక్కువ. నీటిపక్షికి పెట్టకూడదు. బొల్లికోళ్లు గుంపుగా కనబడగానే లెక్కపెట్టడం విసుగనిపించి ఎక్స్ పెడతారు. 5,000 బొల్లికోళ్ల చెరువు, 5 బొల్లికోళ్ల కుంట అప్పుడు ఒక్కటైపోతాయి. అంచనా ఎంత మొరటుదైనా అంకే రాయండి, పక్కన వ్యాఖ్యలో "వందల చొప్పున అంచనా" అని పెట్టండి.

అంచనా ఎలా వేయాలో యాప్ నేర్పదు కాబట్టి ఇక్కడ కాస్త ఆగాలి. రెండు మూడు వేల బాతులు నీటి మీద పరుచుకుని ఉన్నాయనుకోండి, సూదితోక బాతులు, టీల్‌లు, షవలర్‌లు కలగలిసి. ముందు జాతుల జోలికి పోవద్దు. గుంపు ఒక అంచున సరిగ్గా పది పక్షుల్ని ఒక్కొక్కటిగా లెక్కపెట్టి, ఆ పది ఎంత జాగా ఆక్రమించాయో కంట్లో నిలుపుకోవాలి. అలాంటి పది జాగాలు కలిపితే వంద. ఆ వంద ఎంత మేర ఉందో చూసుకుని, స్కోప్‌ను అడ్డంగా మెల్లగా జరుపుతూ వందలు లెక్కపెట్టాలి. గుంపు మధ్యలో చిక్కగా, అంచుల్లో పలచగా ఉంటుంది, అందుకని అంచు కొలతనే మధ్యలో వాడితే లెక్క తగ్గిపోతుంది. మధ్యకు వచ్చాక కొత్తగా పది లెక్కపెట్టి కొలత మార్చుకోవాలి. కుడి నుంచి ఎడమకు ఒకసారి, ఎడమ నుంచి కుడికి ఒకసారి చేసి, రెండిటికీ బాగా తేడా వస్తే మూడోసారి కూడా చేయాలి. మొత్తం తేలాక జాతులు. గుంపులో మూడు వేర్వేరు చోట్ల వందేసి పక్షుల్ని తీసుకుని ఏ జాతి ఎన్నో లెక్కపెడితే నిష్పత్తి వస్తుంది, దాన్ని మొత్తానికి అన్వయించాలి. ఒక్కచోటే చూస్తే మోసపోతాం, ఎందుకంటే షవలర్‌లు తమలో తామే గుమికూడి మేస్తాయి. పెద్ద గుంపుల దగ్గర మనిషి కన్ను సాధారణంగా తక్కువే అంచనా వేస్తుంది. వీలైతే గుంపును వరుస ఫొటోలు తీసి, ఇంట్లో తెర మీద చుక్కలు పెడుతూ లెక్కపెట్టి చూసుకోండి. మీ కన్ను ఎంత తగ్గించి చూస్తుందో మీకే తెలుస్తుంది.

ఈ పనంతా ఎండ ముదరక ముందే అయిపోవాలి. నీటి మీద వేడి లేచాక స్కోప్‌లో దూరపు పక్షులన్నీ వణుకుతూ కనిపిస్తాయి, ఎంత ఖరీదైన కటకమైనా అప్పుడు ఏమీ చేయలేదు. సూర్యుడు వీపు వైపు ఉండే గట్టు ఎంచుకోండి. సముద్ర తీరంలోనైతే పోటు సమయం చూసుకునే వెళ్లాలి. పాటు వేళ కిలోమీటర్ల బురద మీద చెదిరిపోయే ఉల్లంకులు, పోటెక్కాక కాస్తంత ఎత్తు జాగాలో ఒక్కచోట చేరతాయి, లెక్క అక్కడే కుదురుతుంది. గుంపు లేచిపోయేంత దగ్గరికి ఏ అంకె కోసమూ వెళ్లొద్దు. వేల కిలోమీటర్లు ఎగిరొచ్చిన పక్షికి ప్రతి అనవసరపు లేవడమూ కొవ్వు ఖర్చే.

ఈ యాప్‌లో మాకు అన్నిటికన్నా లోటుగా తోచేది చోటు విషయం. ఈబర్డ్‌లో హాట్‌స్పాట్ అంటే పటం మీద ఒక చుక్క. చిత్తడి నేలకు హద్దు ఉంటుంది, చుక్కకు ఉండదు. 1967లో మొదలై ఇప్పుడు వందకు పైగా దేశాల్లో జరుగుతున్న అంతర్జాతీయ నీటిపక్షుల గణన, అందులో భాగంగా 1987 నుంచి ఏటా జనవరిలో సాగుతున్న ఆసియా నీటిపక్షుల గణన, ఒక చోటును ప్రతి ఏడూ అదే హద్దులో లెక్కపెట్టడం మీదే నిలబడ్డాయి. ఈ ఏడు తూర్పు గట్టు మాత్రమే చూసి, వచ్చే ఏడు చెరువంతా చూస్తే పక్షులు పెరిగాయన్న భ్రమ పుడుతుంది. చుక్కకు ఆ తేడా తెలియదు. దీనికి మందు మీ చేతుల్లోనే ఉంది. ఏ గట్టు నుంచి ఏ గట్టు దాకా చూశారో, చెరువులో ఎన్నో వంతు కనబడిందో, నీరు ఎంతవరకు ఉందో జాబితా వ్యాఖ్యల్లో ప్రతిసారీ ఒకే మాటల్లో రాయండి. గణన ఫారంలో నీటి మట్టానికి, వేట, మేత, కాలుష్యం లాంటి ఒత్తిళ్లకు వేర్వేరు గళ్లుంటాయి. ఈబర్డ్‌లో వాటన్నిటికీ కలిపి ఆ ఒక్క వ్యాఖ్య పెట్టే.

చోటు గురించే ఇంకో చిక్కు. పెద్ద చెరువును నాలుగు వైపుల నుంచి నాలుగు జాబితాలుగా రాశారనుకుందాం. ఒకదాంట్లో 1,200, ఇంకోదాంట్లో 800, మిగతా రెండిట్లో 500 చొప్పున సూదితోక బాతులు. చెరువులో ఉన్నవి 3,000. ఈబర్డ్ హాట్‌స్పాట్ పేజీలో అత్యధిక సంఖ్య కింద కనబడేది 1,200, ఎందుకంటే అది ఒక్కో జాబితానే చూస్తుంది, కలపదు. ఆ పేజీ చూసి ఎవరైనా నివేదిక రాస్తే చెరువు స్థాయి సగానికి పైగా పడిపోయినట్టే. మొత్తం కావాలంటే మీ సొంత డేటాను సీఎస్‌వీ ఫైలుగా (పట్టిక రూపంలో తెరుచుకునే ఫైలు) తెప్పించుకుని, ఒకే తేదీ, ఒకే చోటు జాబితాల్ని మీరే కలుపుకోవాలి. కలిపే ముందు ఒక గుంపు ఒక గట్టు నుంచి లేచి ఇంకో గట్టు దగ్గర వాలిందేమో గుర్తు చేసుకోవాలి. పంట చేల మీద ఎగిరే డేగ ఒకటి చెరువు మీదికి రాగానే సగం బాతులు చోటు మారతాయి. అందుకే ఎగిరిన గుంపు వేళ, దిక్కు, సుమారు సంఖ్య అక్కడికక్కడే రాసి పెట్టుకోవాలి.

దీనికి తిరగబడ్డ తప్పు బృందాల్లో జరుగుతుంది. ముగ్గురు పక్కపక్కన నిలబడి ఎవరికివారు జాబితా పంపితే, అవే 600 బాతులు 1,800 అయ్యే ప్రమాదం ఉంది. ఒక్కరే రాసి, మిగతావాళ్లతో జాబితాను షేర్ చేయాలి. అలా షేర్ చేసిన జాబితాలన్నిటికీ డేటాలో ఒకే గుంపు సంకేతం పడుతుంది, విశ్లేషకులు దాన్ని చూసి ఒక్కసారే లెక్కలోకి తీసుకుంటారు. విడివిడిగా పంపినవాటికి ఆ సంకేతం ఉండదు, వాటిని ఏరడం ఎవరి తరమూ కాదు.

దూరం, సమయం కూడా అంతే జాగ్రత్తగా. ఒకే చోట నిలబడి చూస్తే స్టేషనరీ, అంటే 30 మీటర్లు దాటి కదలకూడదు. నడిస్తే ట్రావెలింగ్. గట్టు వెంట 2 కిలోమీటర్లు వెళ్లి అదే దారిన వెనక్కి వస్తే ట్రాక్ 4 అని చూపిస్తుంది, దాన్ని దిద్ది 2 అని పెట్టాలి. రోజంతా కలిపి ఒకే జాబితా రాసే అలవాటు మానాలి. ఈబర్డ్ డేటాతో పనిచేసేవాళ్లు సాధారణంగా 6 గంటలు, 10 కిలోమీటర్లు, 10 మంది పరిశీలకులు దాటిన జాబితాల్ని పక్కన పెట్టేస్తారు. పాతికమంది విద్యార్థుల్ని తీసుకెళ్లి రోజంతా ఒకే జాబితా రాస్తే, ఆ శ్రమంతా అక్కడే వడపోతలో పోతుంది. చోటుకొక జాబితా, గంటకు అటూ ఇటూగా, పక్షుల్ని నిజంగా వెతికి లెక్కపెట్టినవాళ్ల సంఖ్య మాత్రమే. అది చాలు.

పెద్ద అంకె ఎక్కించగానే యాప్ ఎర్రజెండా ఊపితే కంగారుపడొద్దు. ప్రతి ప్రాంతానికీ నెలకూ మామూలు పరిమితులు పెట్టి ఉంటాయి, అవి దాటితే వివరణ అడుగుతుంది. వివరణలో "చాలా ఉన్నాయి" అని రాస్తే పద్దులు సరిచూసే ఈబర్డ్ సమీక్షకుడికి పనికిరాదు. "స్కోప్‌తో వందల చొప్పున రెండుసార్లు లెక్క, 2,900, 3,100, ఫొటోలు జతచేశాం" అని రాస్తే పని అయిపోతుంది. వివరణ లేక సమీక్ష దాటని పద్దు మీ ఖాతాలో కనబడుతూనే ఉంటుంది గానీ బయటి పటాల్లోకి, డేటాలోకి వెళ్లదు.

ఈబర్డ్ దగ్గర దొరకనిది ఇంకొకటుంది: మీ 640 పక్షులు 1 శాతం దాటాయా లేదా. అందుకు వెట్‌ల్యాండ్స్ ఇంటర్నేషనల్ వాళ్ల వాటర్‌బర్డ్ పాపులేషన్స్ పోర్టల్ తెరవాలి. ఒకప్పుడు పుస్తకంగా వచ్చేది (ఐదో కూర్పు 2012లో వచ్చింది), ఇప్పుడు వెబ్‌లో ఉంది. వాడేటప్పుడు ఒక్కటి చూసుకోండి. ఒకే జాతికి వలసదారిని బట్టి వేర్వేరు జనాభాలు, వేర్వేరు 1 శాతం హద్దులు ఉంటాయి. యూరప్ జనాభా హద్దు తెచ్చి, 30 దేశాల మీదుగా సాగే మధ్య ఆసియా ఫ్లైవేలో తిరిగే పక్షులకు వాడితే తీర్పే తారుమారవుతుంది. ఆ ఫ్లైవేకు 2024 ఫిబ్రవరిలో సమర్‌కండ్‌లో వలసజాతుల ఒప్పంద దేశాలు ఒక ప్రత్యేక కార్యక్రమాన్ని ఆమోదించాయి, కాబట్టి అక్కడి లెక్కలకు ఇక మీదట గిరాకీ ఇంకా పెరుగుతుంది. ఆఫ్రికా–యురేషియా దారిలో ఉన్నవాళ్లకు క్రిటికల్ సైట్ నెట్‌వర్క్ టూల్ అని ఇంకో సేవ ఉంది, ఒక జనాభాకు ఏ చోట్లు కీలకమో పటం మీద చూపిస్తుంది. రామ్‌సర్ చోట్ల సమాచారపు వెబ్‌సైట్‌లో ఒక్కో చిత్తడి నేల పత్రం దొరుకుతుంది. ఆ పత్రాన్ని ఆరేళ్లకోసారైనా తాజా చేయాలన్నది నియమం కాబట్టి, దానిమీద ఏ సంవత్సరం అని ఉందో చూశాకే అందులోని అంకెలు వాడండి.

ఈబర్డ్ వారంవారీ సమృద్ధి పటాల గురించి ఒక మాట. ఏడాదిలోని 52 వారాలకూ ఒక జాతి ఎక్కడ ఎంత చిక్కగా ఉంటుందో చూపే ఆ పటాలు చాలా అందంగా ఉంటాయి, గణన తేదీ ఎప్పుడు పెట్టుకోవాలో నిర్ణయించడానికి ఉపయోగపడతాయి. కానీ అవి నమూనాలతో వేసిన అంచనాలు. మీ చెరువు మీద రంగు పలచగా ఉందని అక్కడ పక్షులు లేవని రాయకూడదు.

ఇప్పటికే వందల జాబితాలు పంపేసినవాళ్లు నిరాశపడక్కర్లేదు. పంపిన జాబితాను ఎప్పుడైనా తెరిచి దిద్దొచ్చు. ముందుగా జనవరి జాబితాల్ని ఏరండి. నీటిపక్షుల్నే రాసి "అవును" కొట్టినవాటిని "కాదు"కు మార్చండి, రెట్టింపైన దూరాల్ని సరిచేయండి, పక్కనున్నవాళ్లు విడిగా పంపిన జాబితా ఉంటే ఒకదాన్ని తీసేసి రెండోదాన్ని షేర్ చేయించుకోండి. నోటుబుక్కులో అంకె మిగిలి ఉంటే ఎక్స్ తీసి ఆ అంకె పెట్టండి. లేకపోతే ఎక్స్‌ను అలాగే వదిలేయండి, జ్ఞాపకం మీద ఆధారపడి కొత్త అంకె మాత్రం రాయొద్దు.